నా పేరున రిజిస్ట్రీ అయిన రోజు

రిజిస్ట్రీకి ముందు వారం రోజుల్లో ఆఫీసులో నేను ఒక్క ఫైలు కూడా నింపాదిగా చదవలేదు. నోట్ రాస్తూ రాస్తూ కాగితం అంచున వంటింటి గట్టు బొమ్మ గీసుకునేదాన్ని. పొయ్యి ఇక్కడ, మిక్సీ ఇక్కడ, బియ్యం డబ్బా గట్టు కింద. మా సెక్షన్‌లో అమ్మాయి ఒకసారి ఆ బొమ్మ ఉన్న కాగితాన్నే ఫైలులో పెట్టి పైకి పంపించబోయింది. పరుగెత్తి తెచ్చుకున్నాను.

నేను కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరుని. మావారు సైన్యంలో సుబేదారు. మాది విజయనగరం దగ్గర. పెళ్ళయిన మరుసటి ఏడు ఢిల్లీ వచ్చాను. ఆయన పోస్టింగులు ఎక్కడెక్కడో తిరిగాయి గానీ నా ఉద్యోగం ఇక్కడే కాబట్టి నేనూ మా అమ్మాయీ ఇక్కడే ఉండిపోయాం. ఇరవై రెండేళ్ళలో ఆర్కే పురంలోనే మూడు సర్కారు క్వార్టర్లు మారాం. మూడింటికీ గోడల రంగు ఒకటే. నీళ్ళ కుళాయి కారితే ఫిర్యాదు పుస్తకంలో రాసి వాళ్ళ మనిషి కోసం ఎదురుచూడాలి. అది చెడ్డ బతుకని అనను. కానీ కుళాయి నేనే కొనుక్కొచ్చి నేనే బిగించుకునే ఇల్లు ఒకటుండాలని నాకు చాలా ఏళ్ళుగా ఉండేది.

ఆ ఇల్లు చివరికి ఇందిరాపురంలో దొరికింది. మూడో అంతస్తు, రెండు పడకగదులు, చిన్న బాల్కనీ. అమ్మేవారు బడిలో హిందీ చెప్పి రిటైరైన పెద్దావిడ. భర్త పోయాక ఒక్కరే ఉంటున్నారు. ఇప్పుడు పూనాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. అప్పు నా జీతం మీద వచ్చింది కాబట్టి ఇల్లు నా ఒక్కదాని పేరునే అని మావారూ నేనూ మొదటే అనుకున్నాం. "నా పేరున ఇప్పటికే ఒక తుపాకీ ఉంది, అది చాలు" అన్నారాయన.

అగ్రిమెంటు మీద సంతకాలైన రోజున ఇల్లు నాదైపోయిందనే అనుకున్నాను. ఆఫీసులో స్వీట్లు కూడా పంచబోయాను. మా పక్క విభాగంలో గుంటూరు వైపు పెద్దాయన ఒకరున్నారు. రెండు ఇళ్ళు కొన్నారు, ఒకటి అమ్మారు. ఆయన నన్ను ఆపారు.

"అప్పుడే కాదమ్మా. అగ్రిమెంటంటే తాంబూలాలు పుచ్చుకోవడం. రిజిస్ట్రీ పెళ్ళి. ఆ తర్వాత మున్సిపాలిటీ లెక్కల్లో పాత పేరు కొట్టించి నీ పేరు ఎక్కించుకోవాలి, దాన్ని వీళ్ళు దాఖిల్ ఖారిజ్ అంటారు. అది అత్తారింటి రేషన్ కార్డులో పేరు రాయించుకోవడం లాంటిది. తాంబూలాలు పుచ్చుకుని పెళ్ళయిపోయిందని తిరిగితే ఎట్లా?"

"మరి పెళ్ళి రోజున ఏం చూసుకోవాలండీ?"

"పొద్దున్నే ఇంటికెళ్ళి ఒకసారి చూసుకో. తర్వాత కాగితం. మొదటి అక్షరం నుంచి ఆఖరి అక్షరం దాకా చదువు. అక్కడ పదిమంది చేరి సంతకం పెట్టండి, పెట్టండి అని తొందరచేస్తారు. ఆఫీసులో ఎవరన్నా అట్లా తొందరచేస్తే నువ్వు ఫైలు మీద సంతకం పెడతావా? అదే మనిషిగా అక్కడ కూర్చో."

నేను స్వీట్ల డబ్బా ఇంటికి తీసుకుపోయి ఫ్రిజ్‌లో పెట్టాను.

రిజిస్ట్రీ గురువారం. శుక్రవారం మధ్యాహ్నం ఆ పెద్దావిడకు పూనా రైలు. మావారు గౌహతి నుంచి సెలవు మీద బయల్దేరి బుధవారం రాత్రికి చేరాలి. నా తరఫు సాక్షి ఆయనే. కానీ అది జనవరి. కాన్పూరు ఇవతల పొగమంచులో ఆయన రైలు ఎక్కడో నిలబడిపోయింది. గురువారం ఉదయం ఏడింటికి ఫోన్ చేశాను.

"ఎక్కడున్నారు?"

"తెలిస్తే చెప్పనా? కిటికీ బయట ఏం కనిపించట్లేదు. రెండు గంటల్నుంచి ఒక్క అడుగు కదల్లేదు. నువ్వు నాకోసం చూడకు, బయల్దేరిపో."

"సాక్షి ఎవరు మరి?"

"పిల్ల ఉంది కదా."

అవతలి గదిలో దుప్పటి తలదాకా కప్పుకుని పడుకున్న మా అమ్మాయిని చూశాను. ధౌలా కువాన్‌లో కాలేజీ, రెండో సంవత్సరం. పంతొమ్మిదేళ్ళు వచ్చాయి. ఓటు కూడా వేసింది. అయినా అది సాక్షి అవుతుందని నాకు తట్టనే లేదు. లేపి విషయం చెప్పాను. అది తెలుగు మొత్తం అర్థం చేసుకుంటుంది, జవాబు మాత్రం హిందీలో ఇస్తుంది.

"మై? గవాహ్? సచ్ మే?" అని లేచి కూర్చుంది. "ఏం వేసుకోవాలి?"

ఆ ఆఖరి మాట తెలుగులోనే అంది.

తొమ్మిదింటికి ఇందిరాపురం చేరాం. పెద్దావిడ తలుపు తీసి మమ్మల్ని లోపలికి రమ్మన్నారు. సామానంతా ముందురోజే లారీలో వెళ్ళిపోయింది. ఒక సూట్‌కేసు, ఒక చేసంచి, వంటింట్లో గ్యాసు పొయ్యి మాత్రం ఉన్నాయి. ఆ రాత్రికి ఆవిడ ఎదురింటి వాళ్ళ దగ్గర ఉంటారు. నేను సిగ్గుపడుతూనే ప్రతి కుళాయీ తిప్పి చూశాను, ప్రతి లైటూ వేసి చూశాను. ఆవిడ చిరాకు పడలేదు. నా వెనకే నడుస్తూ చెప్పుకొచ్చారు. ఈ కిటికీ గడియ పెట్టాలంటే తలుపు కాస్త పైకెత్తి పట్టుకోవాలి. గీజర్ స్విచ్ బయట ఉంది, మర్చిపోతే కరెంటు బిల్లు పేలిపోతుంది. బాల్కనీలో పావురాలు, వాటితో ఎవరూ గెలవలేరు. మా అమ్మాయి కరెంటు మీటరు ఫోటో తీసింది. సొసైటీ వాళ్ళు బాకీలేవీ లేవని ఇచ్చిన ఉత్తరం ఆవిడ నా చేతికిచ్చారు.

"టీచర్ని కదా," అన్నారు, "అన్నీ ఒక ఫైలులో పెట్టాను. నువ్వు సరిచూసుకో బేటీ."

నలభై ఆరేళ్ళ నన్ను బేటీ అన్నారు. నేను ఆవిడను ఆంటీజీ అన్నాను. ముగ్గురం ఒకే టాక్సీలో ఘాజియాబాద్ రిజిస్ట్రీ ఆఫీసుకు బయల్దేరాం. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఒకే బండిలో రావడం చూసి అక్కడ మాకోసం నిలబడ్డ వకీలు నవ్వాడు.

ఆ ఆవరణ తిరునాళ్ళలా ఉంది. రేకుల షెడ్ల కింద బల్లలు, బల్లకో కంప్యూటరు, కంప్యూటరుకో వకీలు. మధ్యలో చాయ్ కెటిల్ పట్టుకుని తిరిగే మనిషి. కొత్తచీరల్లో ఆడవాళ్ళు, శాలువాలు కప్పుకున్న ముసలివాళ్ళు, ఒక మూల ఇద్దరు అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాట్లాడకుండా ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఎవరి మొహం చూసినా వాళ్ళ బతుకులో ఇవాళ ఒక పెద్దరోజు అని తెలుస్తోంది. బ్యాంకు మనిషి డ్రాఫ్టు ఉన్న కవరు కోటు లోపలి జేబులో పెట్టుకుని, దానిమీద చెయ్యి తీయకుండా నిలబడ్డాడు. రిజిస్ట్రారు సంతకం పడేదాకా అది ఆంటీజీ చేతికి ఇవ్వడు. అది అయ్యేదాకా ఆంటీజీ తాళాలు నా చేతికి ఇవ్వరు. ఒక్కొక్కరం రెండోవాళ్ళ కోసం ఆగి ఉన్నాం. పెద్దాయన చెప్పిన పెళ్ళి పోలిక అప్పుడు పూర్తిగా తలకెక్కింది.

వకీలు దస్తావేజు తీసి బల్లమీద పెట్టాడు. పన్నెండు పేజీలు, మొత్తం హిందీ. "మేడమ్, ప్రతి పేజీ కింద ఇక్కడ, ఇక్కడ. పదకొండున్నరకు మన టోకెన్."

"చదివాక పెడతాను."

"చదవడానికేముంది మేడమ్, అందరికీ ఇదే రాస్తాం."

ఇరవై రెండేళ్ళు హిందీ మాట్లాడాను, కూరగాయల దగ్గర బేరం ఆడాను, ఆఫీసులో హిందీ దినోత్సవానికి వ్యాసం కూడా రాశాను. కానీ ఆ కాగితంలో హిందీ వేరు. క్రేత, విక్రేత అనే మాటలు కనబడగానే ధైర్యం వచ్చింది, అవి మన మాటలే కదా. రెండో పేజీకి వచ్చేసరికి ఒక్కో వాక్యం అరపేజీ సాగింది, నాకు ఊపిరాడలేదు. అప్పుడు మా అమ్మాయి కుర్చీ దగ్గరికి లాక్కుని కాగితాలు తన ముందుకు తిప్పుకుంది.

"మై పఢ్తీ హూఁ. నువ్వు విను."

చదవడం మొదలుపెట్టింది. పెద్దగా, నెమ్మదిగా, ఒక్క మాట మింగకుండా. ఇంట్లో నేను ఏదన్నా చదివి వినిపించమంటే అరగంట సణిగే పిల్ల. పక్క బల్లవాళ్ళు కూడా తలతిప్పి విన్నారు. నాకు తెలియని మాట వచ్చినప్పుడు ఆగి, అర్థం తనకు తెలిస్తే తెలుగులో చెప్పింది, తెలియకపోతే ఆంటీజీ వైపు చూసింది. ఆంటీజీ బడిలో చెప్పినట్టే చెప్పారు. బైనామా అంటే అమ్మకపు దస్తావేజు. చౌహద్దీ అంటే నాలుగు వైపులా హద్దులు.

ఆరో పేజీలో ఒక చోట నేను ఉలిక్కిపడ్డాను. "విక్రేత క్రేతకు కబ్జా ఇచ్చారు" అని చదివింది.

"కబ్జా ఏమిటే?" అన్నాను. మన వైపు కబ్జా అంటే ఎవడో రౌడీ వచ్చి స్థలం ఆక్రమించుకోవడం. పేపర్లో రోజూ చూసే మాట. నా ఇంటి కాగితంలో అదెందుకుంది?

వకీలుకు నా భయం అర్థంకాలేదు. ఆంటీజీకి అర్థమయ్యేలా నేను చెప్పేసరికి ఆవిడ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. "లేదు బేటీ. ఇక్కడ కబ్జా అంటే స్వాధీనం. నేను నీకు ఇల్లు అప్పజెప్పానని. నీ తెలుగులో మాట పాడైపోయింది గానీ మా దగ్గర ఇంకా మంచిదే."

తొమ్మిదో పేజీలో హద్దులు వచ్చాయి. మా అమ్మాయి చదివింది. "పూరబ్, అంటే తూర్పు, పక్క ఫ్లాటు. పశ్చిమం, ఖాళీ స్థలం."

"ఆగు. మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది. అదే వచ్చింది.

"తప్పు," అన్నాను. "తూర్పు ఖాళీ, పడమర పక్కవాళ్ళ ఫ్లాటు."

వకీలు కంప్యూటరులోంచి తల ఎత్తలేదు. "మేడమ్, ఫ్లాటుకు హద్దులు ఎవరు చూస్తారు? పొలమైతే గొడవ. మీది మూడో అంతస్తు, గాల్లో ఉంది. ఏం ఫరక్ పడదు."

"నాకు పడుతుంది. మొదటిసారి ఇల్లు చూడ్డానికి ఎనిమిదింటికి వెళ్ళాను. వంటింటి గట్టుమీద ఎండ పడుతోంది. పొద్దున ఎనిమిదింటికి పడమటి నుంచి ఎండ వస్తుందా?"

అతను విసుగ్గా ఆంటీజీ వైపు చూశాడు, మీరైనా చెప్పండి అన్నట్టు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ఆ పేజీ తన వైపు లాక్కున్నారు.

"ఈవిడ చెప్పింది నిజం. పద్ధెనిమిదేళ్ళు ఆ బాల్కనీలో పొద్దుటెండలో కూర్చుని పేపరు చదివాను. ఇది మార్చండి. అలాగే ఇక్కడ 'స్థిత్' అని రాసిన చోట దీర్ఘం పడింది, అదీ మార్చండి."

వకీలు కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. ఆంటీజీ నావైపు చూసి కన్నుగీటారు. డెబ్భై ఏళ్ళావిడ. నాకు నవ్వు ఆగలేదు.

తప్పు దిద్ది, ఆన్‌లైన్ వివరాల్లోనూ మార్చి, మళ్ళీ ప్రింటు తీసేసరికి పన్నెండు దాటింది. మా టోకెన్ వెళ్ళిపోయింది. కొత్త టోకెన్ రెండున్నరకు. బ్యాంకు మనిషి వాచీ చూసుకోవడం మొదలుపెట్టాడు. నేను మాత్రం మిగిలిన మూడు పేజీలు కూడా చదివించాను. చదివాక ప్రతి పేజీ కిందా సంతకం పెట్టాను.

మొదటి సంతకం చూసి వకీలు కాగితం తిప్పి చూశాడు. "ఇది ఏ భాష?"

"తెలుగు. పాన్ కార్డు మీదా ఇదే ఉంటుంది, చూసుకోండి."

నా ఉద్యోగమంతా నా సంతకం తెలుగులోనే ఉంది. ఫైళ్ళ మీద పెట్టినప్పుడు దాన్ని నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఆ పన్నెండు పేజీల మీద పెడుతుంటే ఒక్కో అక్షరం గుండ్రంగా, మొదటిసారి దిద్దినట్టు వచ్చింది. ఆంటీజీ హిందీలో పెట్టారు, ఆవిడ తరఫు సాక్షిగా వకీలు గుమాస్తా పెట్టాడు. నా సాక్షి గడిలో మా అమ్మాయి ఇంగ్లీషులో సంతకం చేసి, చేశాక ఫోటో తీసి వాళ్ళ నాన్నకు పంపింది. అవతలినుంచి వెంటనే జవాబు వచ్చింది. రైలు కదిలిందట. గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో.

షెడ్డు పక్కన బండి మీద ఛోలే కుల్చే తిన్నాం. ఆంటీజీ పచ్చిమిరపకాయలు రెండడిగి తీసుకున్నారు. నేను నాలుగు తీసుకున్నాను. "అబ్బో, ఆ ఇంట్లో ఇకనుంచి వంటలు ఘాటుగా ఉంటాయన్నమాట," అన్నారు.

రెండున్నరకు లోపలికి పిలిచారు. కంప్యూటరు ముందు ఒక్కొక్కరం కూర్చోవాలి. ఫోటో తీస్తారు, చిన్న గాజుపెట్టె మీద బొటనవేలు పెట్టాలి. నాది ఒక్కసారికే తీసుకుంది. మా అమ్మాయిదీ తీసుకుంది. ఆంటీజీ కూర్చున్నారు. వేలు పెట్టారు. ఎర్ర లైటు. మళ్ళీ పెట్టారు, మళ్ళీ ఎర్ర లైటు. కుడిచెయ్యి, ఎడమచెయ్యి, గట్టిగా నొక్కి, మెల్లగా పెట్టి, పక్కకు జరిపి. ఎనిమిదిసార్లు.

"గీతలు అరిగిపోయాయి మాతాజీ," అన్నాడు కంప్యూటరు దగ్గరి మనిషి. మర్యాదగానే అన్నాడు. "చలికి ఇంకా రావు. రేపు పొద్దున రండి, ప్రయత్నిద్దాం."

"రేపు నాకు రైలుంది," అన్నారు ఆంటీజీ. ఆ మాట ఆయనకు కాదు, తన వేలికి చెబుతున్నట్టు దాన్నే చూస్తూ అన్నారు. "ముప్పై ఏళ్ళు చాక్‌పీసు పట్టుకున్న చెయ్యి ఇది."

నా వెనక వరసలో ఉన్నవాళ్ళు కదలడం మొదలుపెట్టారు. ఆవిడ రైలు పోతే మళ్ళీ టికెట్టు, కూతురి సెలవు, బ్యాంకు డ్రాఫ్టు, అన్నీ తలకిందులవుతాయి. నాకు అవన్నీ ఒక్కసారి తట్టాయి గానీ చెయ్యి మాత్రం వేరే పని చేసింది. పక్కన స్టూలు లాక్కుని కూర్చుని ఆవిడ కుడిచెయ్యి నా రెండు చేతుల మధ్యకు తీసుకున్నాను. మంచుగడ్డలా ఉంది. మా అమ్మాయికి చిన్నప్పుడు జనవరిలో బడికి వెళ్ళేముందు రుద్దినట్టు రుద్దడం మొదలుపెట్టాను. మా అమ్మాయి బయటికి పరుగెత్తి చాయ్ గ్లాసు తెచ్చింది, తాగడానికి కాదు, ఆవిడ ఎడమచేతికి పట్టుకోవడానికి.

"ఒక్క ఐదు నిమిషాలు భయ్యా," అంది ఆ కంప్యూటరు మనిషితో. "వెనకవాళ్ళది ముందు తీసుకోండి, మేం ఇక్కడే ఉంటాం."

అతను ఠీక్ హై అన్నాడు. ఇద్దరి పని అయ్యింది. మేం రుద్దుతూనే ఉన్నాం. మధ్యలో ఒకసారి ఆంటీజీ, "నీ చేతులు భలే వేడి బేటీ," అన్నారు. మూడో మనిషి లేచాక ఆవిడను మళ్ళీ కూర్చోబెట్టాం. నేను ఆవిడ బొటనవేలు చీరకొంగుతో తుడిచి, నేనే పట్టుకుని గాజు మీద ఆనించాను.

పచ్చలైటు వెలిగింది.

మా వెనక వరస మొత్తం ఒక్కసారి "హో గయా" అంది. ముక్కూమొహం తెలియని జనం. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. కంప్యూటరు మనిషి నవ్వుతూ, లోపలి గదికి వెళ్ళండి అని చెయ్యి చూపించాడు.

లోపల రిజిస్ట్రారు దస్తావేజు తిరగేశారు. ఆంటీజీని అడిగారు, మీ ఇష్టంతోనే అమ్ముతున్నారా, ఎవరి ఒత్తిడీ లేదు కదా అని. ఆవిడ నిటారుగా నిలబడి, "నా ఇష్టంతోనే," అన్నారు. నన్ను అడిగారు, కాగితంలో ఏం రాసుందో తెలుసా అని. "ప్రతి లైనూ తెలుసు సార్," అన్నాను. వకీలు పక్కనుంచి, "ఇవాళ ఈ ఆఫీసులో ఇంకెవరూ ఆ మాట చెప్పలేరు సార్," అన్నాడు.

తర్వాత ఆయన మా అమ్మాయి వైపు తిరిగారు. "మీరు సాక్షా? కొంటున్న ఈవిడ మీకు తెలుసా?"

"జీ సర్," అంది. "పుట్టినప్పటి నుంచి తెలుసు."

ఆయన కలం ఆపి నవ్వారు. అప్పుడు దాని మొహం ఎర్రబడింది. నేను అటువైపు చూడకుండా గోడమీది కేలండరు చూశాను, లేకపోతే కళ్ళనీళ్ళు వచ్చేవి. ముద్ర పడింది. ఆ చప్పుడు పెద్దదేమీ కాదు. మా ఆఫీసులో రోజుకు వంద వింటాను.

బయట వరండాలో బ్యాంకు మనిషి కవరు తీసి ఆంటీజీకి ఇచ్చి, దస్తావేజు తాలూకు కాగితాలు తను తీసుకున్నాడు. ఆవిడ కవరు తెరిచి చూసి, మడిచి, తన ఫైలులో పెట్టుకున్నారు. తర్వాత చేసంచిలోంచి తాళాల గుత్తి తీసి నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూశారు. నేను వంగి ఆవిడ కాళ్ళకు దండం పెట్టాను. ఢిల్లీలో నేర్చుకున్న అలవాటో, ఇంటి దగ్గరిదో చెప్పలేను.

ఇందిరాపురం తిరిగొచ్చేసరికి ఐదైంది. దారిలో పాలప్యాకెట్టు, కొత్త స్టీలు గిన్నె, బెల్లం కొన్నాను. మంచిరోజున గృహప్రవేశం తర్వాత చేసుకుంటాం. కానీ తాళం చేతికొచ్చిన రోజున ఉత్తచేతులతో లోపలికి వెళ్ళడానికి మనసొప్పలేదు. తాళం నేనే తీశాను. మూడోసారికి గానీ తిరగలేదు, ఎడమవైపుకు తిప్పాలట. ఆంటీజీని కూడా లోపలికి రమ్మన్నాను. ఆవిడ గుమ్మం బయట ఆగి, "ఇప్పుడు నువ్వు పిలిస్తేనే రావాలి కదా," అంటూ వచ్చారు.

ఆవిడ వదిలేసిన పొయ్యి మీదే పాలు పెట్టాను. ముగ్గురం చుట్టూ నిలబడ్డాం. పాలు అంచుదాకా లేవగానే ఆంటీజీ కంగారుగా చెయ్యి చాచి గ్యాసు కట్టేయబోయారు. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను.

"పొంగిపోతున్నాయి బేటీ," అన్నారు.

"పొంగాలి ఆంటీజీ. మాకు పొంగాలి."

పాలు గిన్నె మీదుగా జారి పొయ్యంతా పారాయి. పద్ధెనిమిదేళ్ళు ఆ పొయ్యిని తళతళలాడేట్టు తుడుచుకున్న మనిషి చేతులు కట్టుకుని నిలబడి ఆ దృశ్యం భరించారు. మా అమ్మాయి దాన్నంతా వీడియో తీసి, "పాపా, దేఖో, మమ్మీ నే గంద్ మచా దియా," అంటూ, నేను పొయ్యంతా పాడుచేశానని వాళ్ళ నాన్నకు పంపింది. ఆయన ఫోన్ చేశారు. రైలు అలీగఢ్ దగ్గర మళ్ళీ ఆగిందట. స్పీకరు పెట్టాను. ఖాళీ గదుల్లో ఆయన గొంతు గోడలకు తగిలి రెండుసార్లు వినిపించింది.

"ఏమే, ఇల్లుగలావిడా," అన్నారు. "స్టేషన్లో దిగాక నేను ఎక్కడికి రావాలి? పాతింటికా, కొత్తింటికా?"

"ఎక్కడికొచ్చినా నా పర్మిషన్ కావాలి," అన్నాను.

మిగిలిన పాలలో బెల్లం వేసి మూతతో ఒకరు, ఆంటీజీ చేసంచిలోని గ్లాసుతో ఒకరు, గిన్నెతోనే ఒకరు తాగాం. ఆంటీజీ తన గదిలోకి, అంటే ఇప్పుడు మా గదిలోకి, ఒక్కరే వెళ్ళి రెండు నిమిషాలు నిలబడి వచ్చారు. మేం ఆ గది వైపు వెళ్ళలేదు. తర్వాత సూట్‌కేసు తీసుకుని ఎదురింటి బెల్లు కొట్టారు. వాళ్ళు తలుపు తీసి ఆవిడను లోపలికి తీసుకునేదాకా మేం గుమ్మంలో ఉన్నాం.

చెత్త పడేయడానికని కిందికి దిగాను. నిజానికి చెత్తేమీ లేదు, ఒక పాలప్యాకెట్టు. ఆ మెట్లు దిగి, లిఫ్టులో ఎక్కి రావాలనిపించింది, అంతే. తిరిగి వచ్చేటప్పుడు లిఫ్టులో నా వయసే ఉన్న ఒకావిడ ఎక్కారు. చేతిలో కూరగాయల సంచి. నేను మూడు నొక్కడం చూసి నన్ను పైనుంచి కిందిదాకా పరిశీలించారు.

"కొత్తగా వచ్చారా? కిరాయికా?"

"కాదండీ," అన్నాను హిందీలో. "సొంతం. ఇవాళే రిజిస్ట్రీ అయింది."

"అచ్ఛా? ముబారక్ హో," అని ఆవిడ సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "చెత్తబండి ఏడింటికి వస్తుంది. ఆలస్యం చేస్తే ఆగడు. మంచినీళ్ళు పొద్దున ఆరు నుంచి ఎనిమిది, సాయంత్రం ఆరు నుంచి ఏడు. రెండో లిఫ్టు ఎక్కకండి, మధ్యలో ఆగుతుంది."

మూడో అంతస్తు వచ్చింది. ఆవిడది ఆరో అంతస్తట. నేను దిగకుండా తలుపుకు చెయ్యి అడ్డం పెట్టి, నీళ్ళ టైము మళ్ళీ ఒకసారి చెప్పమన్నాను.